కడుపూ మనసూ: పైత్యం నుంచి పెల్లాగ్రా దాకా

తమిళనాడులో పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థికి ఒక మాట దగ్గర తికమక తప్పదు. ఇంట్లో అమ్మమ్మ "పొద్దుటినుంచీ పైత్యంగా ఉందిరా" అంటే కడుపులో తిప్పుతోందనీ నోరు చేదుగా ఉందనీ అర్థం. వీధిలోకి వెళితే అదే మాట 'పైత్తియం' అయి మతి చలించిన మనిషికి చెల్లుతుంది. రెండూ సంస్కృత 'పిత్త' శబ్దం నుంచి వచ్చినవే. తెలుగులో ఈ మాట కడుపును పూర్తిగా విడిచిపెట్టలేదు. అయినా "వాడి పైత్యం వాడిది" అన్నప్పుడు మనమూ సగం దూరం తలకాయవైపు నడిచినట్టే. తమిళం మిగిలిన సగం కూడా నడిచింది. కన్నడిగులు 'పిత్త నెత్తిగేరితు' అని ఆ ప్రయాణాన్ని కళ్ళకు కట్టిస్తారు. పిత్తం కింది నుంచి నడినెత్తికి ఎక్కిందట.

ఇది మన దేశానికే పరిమితమైన ఊహ కాదు. గ్రీకువారి 'మెలాంకోలియా' అంటే నల్లని పిత్తం. విషాదరోగానికి యూరపు భాషలన్నీ చాలాకాలం ఆ పేరే వాడాయి. ఏ రోగమూ లేకుండానే ఉందని దిగులుపడేవారిని 'హైపోకాండ్రియాక్' అంటాం కదా, ఆ మాటకు మూలార్థం పక్కటెముకల మృదులాస్థి కింద ఉండే పొత్తికడుపు పైభాగం.

అసూయ విషయంలో మన ఇరుగుపొరుగు భాషల ఏకాభిప్రాయం మరీ చిత్రమైనది. తెలుగులో కడుపుమంట, కన్నడంలో 'హొట్టెకిచ్చు', తమిళంలో 'వయిత్తెరిచ్చల్'. మూడింటికీ మాటకు మాట అర్థం ఒకటే: పొట్టలో నిప్పు. మరాఠీలో నిప్పు లేదు గాని నొప్పి ఉంది. పరుల బాగు చూసి ఓర్వలేనివాడికి 'పోటశూళ' వస్తుంది. తెలుగువాడు అవమానాన్ని జీర్ణించుకోలేడు, రహస్యాన్ని కడుపులో దాచుకుంటాడు, తప్పుచేసినవాణ్ణి కడుపులో పెట్టుకుంటాడు, కష్టంలో ఉన్నవాణ్ణి చూస్తే అతని కడుపు తరుక్కుపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కడుపుకోత, కడుపుతీపి వంటివాటిని ఈ జాబితాలో చేర్చకూడదు. అవి గర్భానికి సంబంధించినవి, జీర్ణకోశానికి కాదు. తెలుగు 'కడుపు' రెండింటికీ ఒకే పేరు కాబట్టి లెక్క పెట్టేటప్పుడు పొరబడడం తేలిక.

నుడికారం శాస్త్రానికి సాక్ష్యం కాదు. మనిషి తన లోపలి అనుభూతిని ఎక్కడ చోటుచేసి చెప్పుకున్నాడో మాత్రమే భాష చెబుతుంది. అయితే ఈ విషయంలో వైద్యులు కూడా చాలాకాలంగా భాష పక్కనే నడిచారు. చరకసంహిత విమానస్థానంలో ఒక పరిశీలన ఉంది. తగిన ఆహారాన్ని తగిన కొలతలో తిన్నా సరే, చింత, శోకం, భయం, కోపం, నిద్రలేమి ఉన్నవాడికి అది అరగదని దాని సారాంశం. పథ్యం చెప్పే గ్రంథం తినే పదార్థంతో ఆగకుండా తినేవాడి మనఃస్థితిని కూడా లెక్కలోకి తీసుకోవడం గమనించదగ్గది. కాని అది పరిశీలనే. మనసులో పుట్టిన కోపం కడుపులో ఏం చేస్తుందో కంటితో చూడడానికి చాలా శతాబ్దాలు ఆగవలసి వచ్చింది.

ఆ అవకాశం 1822 జూన్ 6న ఒక ప్రమాదం వల్ల వచ్చింది. అమెరికాలో మిషిగన్ ప్రాంతపు మాకినాక్ దీవిలో తుపాకీ పేలి ఒక ఫ్రెంచి కెనడా కూలీవాడి పొట్ట చీలిపోయింది. అతని పేరును ఇంగ్లీషువాళ్ళు సెయింట్ మార్టిన్ అని రాశారు. యానాంలో ఫ్రెంచి నేర్చినవారు అలెక్సీ సేఁ మార్తేఁ అంటారు. బతకడనుకున్న మనిషి బతికాడు గాని జీర్ణకోశానికి పడ్డ రంధ్రం పూడలేదు. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఆ రంధ్రంలోంచి దారం కట్టిన మాంసం ముక్కలు లోపలికి దించి, ఎంతసేపట్లో ఎంత అరిగిందో చూశాడు. 1825లో మొదలైన ఈ పని 1833లో పుస్తకంగా వచ్చింది. అందులో 238 ప్రయోగాల వివరాలున్నాయి. సేఁ మార్తేఁకు కోపం వచ్చినప్పుడు జీర్ణరసం తీరు మారడం, తిండి అరగడం మందగించడం బోమాంట్ గమనించి రాశాడు. ఆ కోపానికి కారణాలు కూడా మనం ఊహించుకోవచ్చు. పేదవాడు, చదువు లేదు, పొట్టకు గంతకట్టుకుని తిరిగేవాడు, కూలికి తన కడుపునే అద్దెకిచ్చినవాడు. అతను 1880లో చనిపోయినప్పుడు శరీరం డాక్టర్ల చేతికి చిక్కకూడదని ఇంటివారు దాన్ని కావాలనే కొన్నాళ్ళు పాడవనిచ్చి, లోతైన గోతిలో పూడ్చారు. వైద్యచరిత్రలు బోమాంట్‌ను పొగిడినంతగా ఆ కుటుంబం మనసును తలచుకోవు.

తరువాతి మెట్టు హార్వర్డులో వాల్టర్ కానన్‌ది. అప్పటికి ఎక్స్‌రే కిరణాలు కనిపెట్టి రెండేళ్ళయినా కాలేదు. విద్యార్థిగా ఉన్న కానన్ పిల్లులకు బిస్మత్ కలిపిన తిండి పెట్టి, కిరణాల వెలుగులో వాటి జీర్ణకోశం అలలుగా కదలడం చూశాడు. పిల్లి బెదిరినా గింజుకున్నా ఆ కదలిక ఠక్కున ఆగిపోయేది. నిమిరి శాంతపరిస్తే మళ్ళీ మొదలయ్యేది. 1915లో అతను భయం, కోపం, ఆకలి, నొప్పి శరీరంలో తెచ్చే మార్పుల మీద పుస్తకం వేశాడు. రష్యాలో పావ్‌లోవ్ కుక్కల మీద చేసిన పని, దానికి 1904లో వచ్చిన నోబెల్ బహుమతి అందరికీ తెలిసినవే.

ఇంతవరకూ దారి పైనుంచి కిందికే: మనసు కదిలితే కడుపు కదులుతుంది. కింది నుంచి పైకి కూడా దారి ఉందా? కడుపు చెడితే మతి చెడుతుందా? ఈ ప్రశ్నకు చరిత్రలో దొరికిన గట్టి జవాబు ప్రయోగశాలలో పుట్టలేదు. పేదవాళ్ళ కంచాల్లో పుట్టింది. దాని పేరు పెల్లాగ్రా.

స్పెయిన్‌లో అస్తూరియస్ రైతుల్లో ఈ రోగాన్ని 1735లో గాస్పార్ కసాల్ అనే వైద్యుడు వర్ణించాడు. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రపోల్లి దానికి పల్లెజనం వాడే పేరునే గ్రంథస్థం చేశాడు: 'పెల్లె' అంటే చర్మం, 'అగ్ర' అంటే గరుకు. మొదట ఎండ తగిలే చోట, చేతుల మీద, మెడచుట్టూ హారం వేసినట్టు చర్మం నల్లబారి పగులుతుంది. తరువాత నోరు పూస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. ఆపైన నిద్ర పట్టదు, చిరాకు, దిగులు, ఎవరితోనూ మాట్లాడకపోవడం; ముదిరితే మతి తప్పడం, మరణం. ఉత్తర ఇటలీలో పిచ్చాసుపత్రులు ఈ రోగులతో నిండాయి. మొక్కజొన్న గంజే మూడుపూటలా తినే కూలీలకే ఇది రావడం అందరికీ కనిపిస్తూనే ఉంది. మొక్కజొన్న బూజుపట్టి విషం ఎక్కుతోందని లొంబ్రోసో వంటి పెద్దలు వాదించారు. విషం కాదు, వాళ్ళ కంచంలో ఇంకేమీ లేకపోవడమే కారణమన్న ఆలోచన నిలదొక్కుకోవడానికి చాలాకాలం పట్టింది.

20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇదే రోగం మహమ్మారిలా వచ్చింది. 1906 నుంచి 1940 దాకా సుమారు 30 లక్షల మందికి సోకిందనీ, లక్షమంది దాకా చనిపోయారనీ అంచనా. అంటురోగమని అక్కడి డాక్టర్లలో చాలామంది నమ్మకం. 1914లో ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బర్గర్‌ను పంపింది. చిన్నప్పుడే హంగరీ నుంచి వలసవచ్చిన యూదు కుటుంబంలోని వాడు. అతను పిచ్చాసుపత్రులు, అనాథాశ్రమాలు తిరిగి ఒక చిన్న సంగతి గమనించాడు: రోగం లోపల ఉన్నవారికే వస్తోంది, వాళ్ళను తాకుతూ వాళ్ళ మధ్యనే తిరిగే నర్సులకూ అటెండర్లకూ రావడంలేదు. అంటురోగమైతే ఇలా గీత గీసుకుని ఆగదు. తేడా తిండిలో ఉంది. పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడుగింజలు పెట్టిన చోట రోగం పోయింది. 1915లో మిసిసిపిలోని ఒక జైలు వ్యవసాయక్షేత్రంలో, క్షమాభిక్ష ఆశతో ఒప్పుకున్న ఖైదీలకు మొక్కజొన్న ప్రధానమైన పేదతిండి పెడితే 11 మందిలో 6గురికి పెల్లాగ్రా వచ్చింది. అయినా నమ్మనివారికోసం 1916లో గోల్డ్‌బర్గర్, అతని సహచరులు రోగుల రక్తాన్ని సూదితో ఎక్కించుకున్నారు, రోగుల మలమూత్రాలను, చర్మపు పొలుసులను ఉండలు చేసి మింగారు. అతని భార్య మేరీ కూడా రక్తం ఎక్కించుకుంది. ఎవరికీ రోగం రాలేదు.

ఆయన చివరికి తేల్చినది చాలామందికి రుచించలేదు. ఇది దారిద్ర్యరోగమనీ, పత్తి ధర పడిపోతే, కౌలుదారు అప్పుల్లో పడితే పెరుగుతుందనీ అన్నాడు. దక్షిణ రాష్ట్రాల పెద్దమనుషులు తమ ప్రాంతానికి అపకీర్తి తెస్తున్నాడని మండిపడ్డారు. (వాళ్ళది కడుపుమంట అనవచ్చునా అంటే, ఇక్కడ ఆ మాట రెండర్థాల్లోనూ పనికొస్తుంది, కడుపు మండినవాళ్ళు మాత్రం వేరు.) ఆయన 1929లో చనిపోయాడు. లోపిస్తున్న పదార్థం నికోటినిక్ ఆమ్లమని, అంటే నియాసిన్ అనే బి విటమిన్ అని ఎల్వెహ్‌జెమ్ 1937లో కనిపెట్టాడు. ఆ వెంటనే ఆసుపత్రుల్లో ఒక వింత జరిగింది. పెల్లాగ్రాతో మతి తప్పి, కట్టేసి ఉంచవలసి వచ్చినవారికి ఈ మందు ఇస్తే కొద్దిరోజుల్లోనే తమ పేరు, తమవాళ్ళ పేరు చెప్పి ఇంటికి వెళ్తామన్నారు. అంతకుముందు తరాలలో ఈ మనుషులే పిచ్చివాళ్ళుగా ముద్రపడి, పిచ్చాసుపత్రుల్లోనే పోయారు. వాళ్ళ పిచ్చికి కారణం వంశంలో లేదు, నడవడిలో లేదు, కంచంలో ఉంది.

ఈ కథకు మన దక్కనులో రెండో భాగం ఉంది. నీలగిరి కొండల్లోని కూనూరులో 1918లో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధన విభాగం క్రమంగా పెరిగి 1958లో హైదరాబాదుకు మారింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు వచ్చింది. సేలంలో పుట్టిన కొలత్తూరు గోపాలన్ కూనూరునుంచి ఆ సంస్థతోపాటు వచ్చినవారు. 2019లో నూరేళ్ళు నిండి పోయారు. హైదరాబాదు వచ్చాక ఆయన చూసినదేమిటంటే, మొక్కజొన్న ముఖ్యాహారం కాని తెలంగాణలో కూడా పెల్లాగ్రా రోగులు ఆసుపత్రికి వస్తున్నారు. వాళ్ళు తినేది జొన్న. గోపాలన్, శ్రీకంఠయ్య కలిసి 1960లో 'లాన్సెట్' పత్రికలో దీనిమీద ఒక వ్యాసం ప్రకటించారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి ఉండడంవల్ల శరీరం నియాసిన్‌ను సరిగా తయారుచేసుకోలేకపోతోందని వాళ్ళ వాదం. వేరే దేశాల ప్రయోగశాలల్లో అందరికీ అదే ఫలితం రాలేదు. హైదరాబాదులోనే తరువాతి పరిశోధకులు బి6 విటమిన్ లోపానికి కూడా ఇందులో పాత్ర ఉందని చూపారు. లూసిన్ వాదం పూర్తిగా నిలిచినా నిలవకపోయినా, పడమటి దేశాల పుస్తకాల్లో మొక్కజొన్న రోగంగానే స్థిరపడిపోయిన దాన్ని, ఇక్కడి రోగి తినేదేమిటో చూసి మళ్ళీ మొదటినుంచి ఆలోచించడమే ఈ పనిలో మాకు గొప్పగా కనిపిస్తుంది.

ఈ సంగతి చదివి రాయచూరు, కలబురగి, షోలాపూరు విద్యార్థులు జొన్నరొట్టెను అనుమానంగా చూడనక్కరలేదు. తెలుగు జొన్న, కన్నడ జోళ, తమిళ చోళం, మరాఠీ జ్వారీ, ఎన్ని పేర్లతో పిలిచినా అది దక్కను పీఠభూమిని బతికించిన గింజ. దోషం జొన్నది కాదు, జొన్న గటక పక్కన పప్పూ పాలూ లేకపోవడానిది. షోలాపూరులో మగ్గాలు నడపడానికి పొట్ట చేతపట్టుకుని వెళ్ళిన పద్మశాలీల ఇళ్ళలో కూడా కనిపించే వేరుశనగ పొడి సంగతి చూడండి. వేరుశనగలో నియాసిన్ సమృద్ధిగా ఉంటుంది. రొట్టె మీద ఆ పొడి, ఇంత నూనె వేసుకు తినే అలవాటు ఏ విటమిన్ పుస్తకమూ చూసి పెట్టుకున్నది కాదు. తెలంగాణలో 1983 తరువాత రెండు రూపాయలకు కిలో బియ్యం రావడంతో జొన్న వాడకం తగ్గుతూ వచ్చింది, పెల్లాగ్రా కూడా అరుదయింది. ఇవాళ అది కనిపించేది ఎక్కువగా మద్యానికి బానిసలైనవారిలో, కొన్నిసార్లు క్షయకు ఐసోనియాజిడ్ వాడుతున్నవారిలో.

నియాసిన్ కథలో మరో మడత ఉంది. మన శరీరం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి నియాసిన్‌ను కొంతవరకు తానే తయారుచేసుకుంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు ఒక మిల్లీగ్రాము నియాసిన్. అదే ట్రిప్టోఫాన్ నుంచి సెరటోనిన్ కూడా పుడుతుంది. మానసిక వైద్యంలో ఇంత పేరుపడ్డ ఈ పదార్థాన్ని ఇటలీలో ఎర్స్‌పామెర్ 1930లలో మొదట చూసినది మెదడులో కాదు, పేగుల్లో. 'ఎంటరమీన్' అని, అంటే 'పేగు అమీన్' అని పేరు పెట్టాడు. అమెరికాలో రక్తం నుంచి తీసి 1948లో సెరటోనిన్ అని పేరుపెట్టిన పదార్థమూ ఇదీ ఒకటేనని 1952లో తేలింది. శరీరంలోని సెరటోనిన్‌లో నూటికి 90 వంతులకు పైగా జీర్ణనాళంలోనే ఉంటుంది. అయితే అది రక్తం ద్వారా మెదడులోకి పోలేదు. మెదడు తనది తాను చేసుకుంటుంది. ఈ రెండో వాక్యం చెప్పకుండా మొదటిదొక్కటే చెప్పే వ్యాసాలు ఈ మధ్య చాలా కనిపిస్తున్నాయి.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఒకటి చెప్పాలి. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు సోదరులు సంగ్రహణితో, ఇంగ్లీషులో ట్రాపికల్ స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తనకూ అదే వస్తే మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. అమెరికాలో ఆయన నడిపిన లెడర్లీ పరిశోధన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూ రోగులకు పనికొచ్చింది. ఆయన 1948లో కన్నుమూశారు. ఫోలిక్ ఆమ్లం మనసును ఎలా తాకుతుందో తరువాత విక్టర్ హెర్బర్ట్ అనే అమెరికా వైద్యుడు తనమీదే పరీక్షించుకున్నాడు. ఆ విటమిన్ లేకుండా పదేపదే ఉడికించి పిండేసిన తిండి నెలల తరబడి తిన్నాడు. నాలుగో నెలలో నిద్ర పట్టలేదు, మరపు వచ్చింది. అయిదో నెలలో చిరాకు. మందు వేసుకున్న రెండు రోజుల్లో అన్నీ పోయాయి. 1962లో ఆ వివరాలు అచ్చయ్యాయి.

కడుపే మూలమన్న మాటను అతిగా నమ్మినవారి చరిత్ర కూడా ఉంది. న్యూజెర్సీలోని ట్రెంటన్ పిచ్చాసుపత్రికి 1907 నుంచి అధిపతిగా ఉన్న హెన్రీ కాటన్, శరీరంలో ఎక్కడో దాగిన చీము విషమే పిచ్చికి కారణమని నమ్మి, రోగుల పళ్ళు పీకించాడు, టాన్సిల్స్ తీయించాడు, చివరికి పెద్దపేగు కోయించాడు. పెద్దపేగు కోసినవారిలో నాలుగోవంతుకు పైగా చనిపోయినట్టు ఆయన చెప్పిన లెక్కల్లోనే ఉంది. రోగుల సమ్మతి ఎవరూ అడగలేదు. కొందరు ఏడుస్తూ పెనుగులాడుతుంటే లాక్కెళ్ళారు. దీనికి తలకిందులు పొరపాటు కడుపులో పుండ్ల విషయంలో జరిగింది. ఆందోళన, పనిఒత్తిడి వల్లనే పుండు పడుతుందని దశాబ్దాలపాటు డాక్టర్లు నమ్మారు, రోగికి మనశ్శాంతి బోధించారు. ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ దానికి ఒక బాక్టీరియా కారణమని చూపారు. 1984లో మార్షల్ ఆ క్రిములను తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఇక పేగుల్లోని సూక్ష్మజీవుల ముచ్చట. మన శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని 2016లో వేసిన లెక్క. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. జపానులో క్యుషు విశ్వవిద్యాలయంవారు 2004లో చేసిన ప్రయోగంతో వీటిని మనసుతో ముడిపెట్టే పరిశోధన ఊపందుకుంది. ఏ క్రిమీ సోకకుండా పెంచిన ఎలుకలు, బంధించి భయపెట్టినప్పుడు మామూలు ఎలుకలకన్నా ఎక్కువగా ఒత్తిడి హార్మోన్లు విడుదలచేశాయి. ఒక మేలుజాతి బాక్టీరియాను చిన్నవయసులో ఎక్కిస్తే అది సర్దుకుంది. బెల్జియంలో వెయ్యిమందికి పైగా జనం మీద చేసి 2019లో ప్రకటించిన పరిశీలనలో, విషాదరోగం ఉన్నవారి పేగుల్లో రెండు రకాల బాక్టీరియా తక్కువగా కనిపించాయి. తక్కువ కావడంవల్ల దిగులు వచ్చిందా, దిగులుతో తిండి మారి అవి తగ్గాయా అన్నది అలాంటి పరిశీలన ఒక్కటే చెప్పలేదు. మందుల షాపుల్లో అమ్మే బాక్టీరియా గొట్టాలు మాత్రం ఆ జవాబు కోసం ఆగడంలేదు. దిగులు మందులు వాడుతున్న విద్యార్థులు ఎవరైనా ఉంటే, పెరుగన్నం చాలునని విని వాటిని ఆపవద్దని మాత్రం ఇక్కడే చెప్పాలి.

పెల్లాగ్రాకు మన పల్లెల్లో ఏ పేరు వాడేవారో సేకరించవలసి ఉంది. జొన్నతిండి ప్రాంతాల్లో, అంటే బళ్ళారి, రాయచూరు, షోలాపూరు చుట్టుపక్కల స్థిరపడిన కుటుంబాల్లో, ఎండాకాలంలో చేతులు నల్లబడి పగిలి, విరేచనాలతో పాటు మతి మందగించే రోగానికి పెద్దవాళ్ళు వాడిన మాట ఏదైనా జ్ఞాపకం ఉంటే, ఎవరు చెప్పారో, ఏ ఊళ్ళో విన్నారో రాసి పంపండి. బరంపురం, పర్లాకిమిడి విద్యార్థులు కడుపుతో మనసును చెప్పే ఒడియా నుడికారాలు పంపితే, పై పేరాల్లోని కన్నడ, తమిళ, మరాఠీ మాటల పక్కన వాటినీ చేరుస్తాం.